ఎడమ పక్క మనిషి

నది పక్క బాటన రోజూ ఒక్కణ్ణే నడుస్తున్నానని ఆర్విల్ షుక్ ఊరందరికీ చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు ఛాతీ కాస్త ముందుకొచ్చేది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక హాల్లో అందరూ కలిసి భోంచేస్తారు. అక్కడ మొక్కజొన్న రొట్టె విరుచుకుంటూ, "పాత రైలు వంతెన దాకా పోయొస్తున్నా. ఎవడి సాయమూ లేదు. నేనూ, నా కాళ్ళూ," అనేవాడు. విన్నవాళ్ళు శభాష్ అనేవాళ్ళు. ఆ బల్ల దగ్గరే అతని భార్య లొరీన్ ఉడికించిన చిక్కుడు గింజలు వడ్డిస్తూ ఉండేది. వంతెన దాకా ఆమె కూడా నడిచింది. అడుగడుగునా అతని పక్కనే నడిచింది. కాకపోతే ఎడమ పక్కన నడిచింది.

కిందటి చలికాలం, ముందుగదిలోంచి క్రిస్మస్ చెట్టు ఇంకా తియ్యకముందే, ఆర్విల్‌కి మెదడులో ఒక నరం మూసుకుపోయింది. కాలూ చెయ్యీ తొందరగానే తేరుకున్నాయి. మాట ఎక్కడికీ పోలేదు. అదైనా కొంచెం పోయుంటే బాగుండేదని లొరీన్ ఒకటి రెండుసార్లు అనుకుని, వెంటనే దేవుడికి క్షమాపణ చెప్పుకుంది. పోయిందల్లా ఎడమ. కన్ను గుడ్డిదవలేదు, చెవి చెవిటిదవలేదు. లోకానికి ఎడమ పక్క ఒకటుందన్న సంగతే మనిషి మరిచిపోయాడు. గడ్డం కుడి చెంప మీదే గీసుకునేవాడు. కోటు ఒక చేతికే తొడుక్కుని బయల్దేరేవాడు. కంచంలో కుడి సగం తినేసి, "ఇంతేనా వడ్డించింది? పిసినిగొట్టుదానివైపోతున్నావే," అనేవాడు. లొరీన్ కంచాన్ని సగం చుట్టు తిప్పేది. "ఆ, అలా రా దారికి," అని మిగతా సగం తినేవాడు.

ఆస్పత్రి వాళ్ళు పంపిన కెయ్లా అనే అమ్మాయి వారానికోసారి ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించేది. మొదటి రోజునే లొరీన్‌కి గట్టిగా చెప్పింది. "లొరీన్ గారూ, మీరెప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే ఉండాలి. టీవీ ఎడమ పక్కన, మంచినీళ్ళు ఎడమ పక్కన, మీరూ ఎడమ పక్కన. కావాలంటే ఆయనే తిరగాలి. జాలేసి కుడిపక్కకి వెళ్ళారో, ఇంక జన్మలో తిరగరు."

"పిలిస్తే తిరగడా?" అంది లొరీన్.

"పిలిస్తే కుడికే తిరుగుతారు. ఎటునుంచి పిలిచినా అంతే. లోపల్నుంచి ఆయనకే పుట్టాలి, ఎడమకి చూడాలని. రోజూ నడిపించండి."

నడక అన్న మాట లొరీన్‌కి మింగుడు పడలేదు. ఆమె మోకాళ్ళు అప్పటికే పాడైపోయాయి. పెళ్ళికి ముందునుంచీ మేజోళ్ళ మిల్లులో పనిచేసిన మనిషి. అల్లిన మేజోడు గొట్టంలా వస్తుంది. వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న మూతిని కుట్టు కనబడకుండా మూసేయడం ఆమె పని. స్టూలు మీద కూర్చుని, కాళ్ళు మడిచి, ఊళ్ళు ఊళ్ళకి సరిపడా మేజోళ్ళు మూసింది. రిటైరయ్యాక కాళ్ళు చాపుకుని వరండాలో కూర్చుంటాననీ, ఎవరేమన్నా లేవననీ అందరికీ ముందే చెప్పి పెట్టింది కూడా. ఆ కూర్చోవడం ఇంకా మొదలవలేదు.

ఆర్విల్ అదే మిల్లులో యంత్రాలు బాగుచేసే మెకానిక్. అక్కడ హోరు ఎలాంటిదంటే, పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. ఆ హోరులో వరసలు వరసలుగా యంత్రాలు తిరుగుతుంటే, వాటిలో ఒక్కటి ఆగిపోతే చాలు, ఆర్విల్ తల అటు తిరిగేది. తిరిగే యంత్రాలు అతనికి వినబడేవి కావు. ఆగినదే వినబడేది. లొరీన్ యంత్రం మాత్రం మిగతావాటికంటే తరచుగా ఆగేది. ఆమే ఆపుతోందని వరసలో అందరికీ తెలుసు, ఆర్విల్‌కి తప్ప. అతనికి తెలిసేటప్పటికి పెళ్ళయిపోయింది.

లొరీన్‌కి సణుగుడు కూడా అక్కడే అలవాటయింది. మేస్త్రీని, దారాన్ని, వేడిని, ఆర్విల్ తల్లిని, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో షిఫ్టు పొడుగునా తిట్టుకుంటూ కూర్చునేది. మిల్లు మూసేశాక చప్పుడు ఆగిపోయింది గానీ సణుగుడు ఆగలేదు. ఇప్పుడు అందరికీ వినబడుతుంది, అంతే తేడా.

మిల్లుకి సరుకు మోసిన రైలు పట్టాలు పీకేసి, ఆ కట్ట మీద నున్నగా తారు పోసి, ఊరివాళ్ళు గ్రీన్‌వే అని పేరు పెట్టారు. అప్పట్లో టౌన్ హాల్లో మీటింగు పెడితే ఆర్విల్ లేచి నిలబడి, "పనీపాటా లేకుండా నడవడానికి రోడ్డెందుకయ్యా? పొట్టి లాగులేసుకుని పైఊళ్ళ వాళ్ళొచ్చి సైకిళ్ళు తొక్కుతారు, మనం చోద్యం చూస్తూ నిలబడాలి," అని కేకలేశాడు. అన్నట్టే వచ్చారు, అన్నట్టే తొక్కారు. ఇప్పుడు వాళ్ళ మధ్యన పొట్టి లాగుతో ఆర్విల్ కూడా ఉన్నాడు. ఆ లాగు కెయ్లా కొనిపించింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక లొరీన్ కారుని మిల్లు వెనక ఆపేది. అక్కణ్ణుంచి బాట. పోయేటప్పుడు నది కుడిపక్కన ఉంటుంది కాబట్టి ఆర్విల్ దాన్ని చూసేవాడు. కొంగల్ని చూసేవాడు, నీళ్ళు తగ్గాయనేవాడు, చిన్నప్పుడు ఈదిన మడుగు చూపించేవాడు. వంతెన దగ్గర వెనక్కి తిరిగారంటే నది ఎడమకి వచ్చేసేది. ఇంకేముంది, నది లేదు. "వచ్చేటప్పుడు అడ్డదారిన తీసుకొస్తున్నారే. ఈ దార్లో చూడ్డానికి ఏమీ ఉండదు," అనేవాడు.

"తీసుకొస్తున్నారా? ఎవరు తీసుకొస్తున్నారు?" అని లొరీన్ ఎడమ పక్కనుంచి నిలదీసేది.

ఆర్విల్ కుడిపక్క పొదల్లోకి చూసి, "అదే, ఎవరో," అనేవాడు.

సణుగుడు వినబడేది అతనికి. అది మాత్రం నిజం. వినబడ్డ మాటకి జవాబు కూడా ఇచ్చేవాడు. ఆ మాటకో మనిషి ఉంటుందనీ, ఆ మనిషి మోకాళ్ళు పట్టుకుంటూ పక్కనే నడుస్తోందనీ మాత్రం అతనికి తట్టేది కాదు. ఇంట్లో భోజనం బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్నప్పుడు, "ఇవాళ కూడా వంతెన దాకా పోయొచ్చానే. నువ్వూ రావచ్చుగా ఎప్పుడైనా. ఇంట్లో కూర్చుని లావైపోతావు," అనేవాడు. మొదట్లో లొరీన్ నవ్వుకుంది. తర్వాత వాదించింది. వేసవి వచ్చేసరికి ఆ రెండింటికీ ఓపిక లేకపోయింది.

ఇది చాలదన్నట్టు ఊళ్ళో గొడవ. ఈ ఊళ్ళో ఎదురుపడ్డ మనిషికి చెయ్యెత్తకపోతే తిట్టినదానికంటే ఎక్కువ. కారులో పోతున్నా స్టీరింగ్ మీంచి ఒక వేలైనా లేపాలి. బాట మీద అందరూ తమ కుడివైపు నడుస్తారు, అంటే ఎదురొచ్చేవాళ్ళంతా ఆర్విల్‌కి ఎడమ పక్కనుంచే దాటిపోతారు. వాళ్ళు చేతులెత్తుతారు, పేరు పెట్టి పలకరిస్తారు, ఆర్విల్ తిన్నగా చూసుకుంటూ పోతాడు. వాళ్ళలో వాండా మే క్రిస్ప్ ఊరుకునే మనిషి కాదు. కిరాణా కొట్లో గుడ్ల అర దగ్గర లొరీన్‌ని పట్టుకుంది.

"చూడు లొరీన్, ముక్కుసూటిగా అడుగుతున్నా. మీ ఆయనకి మేమేం అపకారం చేశాం? పలకరిస్తే పెడమొహం పెట్టుకుని పోతాడేం? జబ్బు చేసినప్పుడు రెండుసార్లు గిన్నెడు క్యాసరోల్ వండి తెచ్చానే!"

"పెడమొహం కాదే తల్లీ, ఎడమ పక్క మొహమే లేదతనికి. నువ్వు అటునుంచి వస్తే నువ్వు లేనట్టే."

"నేను లేనట్టా? నన్ను చూడకుండా ఉండటం ఎవరి తరమే?" అంది వాండా మే. భారీ మనిషి, ఎర్ర కోటు. అయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటికల్లా ఊరందరికీ చెప్పింది. ఆ మర్నాటినుంచి బాట మీద ఎదురొచ్చినవాళ్ళంతా పక్క మారి, పచ్చిక తొక్కుకుంటూ వచ్చి ఆర్విల్‌కి కుడిపక్కన దాటడం మొదలెట్టారు. ఆర్విల్ చెయ్యెత్తి పేరుపేరునా పలకరిస్తే మురిసిపోయారు. "మనిషి కోలుకున్నాడు!" అనుకున్నారు. ఒక రోజు కెయ్లా కూడా వెంట నడిచింది. చూసి నెత్తి కొట్టుకుంది. "కుడికి ఎవరు రమ్మన్నారు వీళ్ళందర్నీ? ఇలా అయితే ఆయనకి ఎడమతో పనేముంటుంది?"

లొరీన్ మళ్ళీ ఒక్కొక్కరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి పాస్టర్ గారే వేదిక మీంచి, "బ్రదర్ ఆర్విల్‌ని దయచేసి ఎడమ పక్కనుంచే పలకరించండి, కుడిపక్కకి వెళ్ళి ప్రేమ చూపించకండి," అని ప్రకటించారు. అందరూ నవ్వారు. ఆర్విల్ అందరికంటే గట్టిగా నవ్వాడు, అది తన గురించేనని పట్టించుకోకుండా. అప్పటినుంచి మళ్ళీ ఎడమనుంచి "ఆర్విలన్నా!" అని కేకలు. ఆర్విల్ నది వైపు తిరిగి, నీళ్ళకి చెయ్యి ఊపి, ముందుకి పోయేవాడు.

ఆగస్టులో వంటగది అంటుకుంది. పెద్దగా కాదు. లొరీన్ స్నానానికి వెళ్ళినప్పుడు ఆర్విల్ కాఫీ వేడి చేసుకుందామని పొయ్యి వెలిగించాడు. కుడిపక్క గిన్నెలో కాఫీ కాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఎడమ పక్కనున్న తువ్వాలు చివర అంటుకుని మంట కిటికీ తెరకి పాకింది. లొరీన్ తడి ఒంటితో పరిగెత్తుకొచ్చి ఆర్పింది. గది నిండా పొగ. ఆర్విల్ కప్పులోకి కాఫీ వంపుకుంటూ, "ఏదో మాడుతోంది చూడవే," అన్నాడు.

ఆర్విల్ అక్క ఇమోజిన్ ఆ సాయంత్రమే వచ్చింది. గట్టి మనిషి, ఇద్దరు మొగుళ్ళని సమాధికి సాగనంపింది. నల్లబడ్డ గోడ చూసి కుర్చీలో కూర్చుంది.

"నది అవతల కొండ మీది ఆ వృద్ధుల ఇంటి వాళ్ళతో మాట్లాడతాను. మంచి చోటు. మా రెండో ఆయన అక్కడే పోయాడు."

"వదినా, అదొక పొగడ్తా?"

"నవ్వులాట కాదమ్మాయ్. ఈసారి తెర, వచ్చేసారి ఇల్లు, ఆ తర్వాత నువ్వు. వాడు నా తమ్ముడు. నీకంటే ముందునుంచీ ఎరుగుదును. వాడికి తెలియను కూడా తెలియదు, ఏ ఇంట్లో ఉన్నాడో."

"తెలుస్తుంది," అంది లొరీన్.

ఆ రాత్రి మంచం మీద పడుకుని ఒక మాట అనుకుంది. ఆకులన్నీ రాలేలోగా, ఎవరూ పిలవకుండా, ఎవరూ గుర్తు చెయ్యకుండా, ఆర్విల్ తనంతట తాను ఒక్కసారి ఎడమకి తిరిగి తనని చూస్తే, ఎలాగోలా ఇంట్లోనే పెట్టుకుంటుంది. తిరగకపోతే పంపేస్తుంది. ఈ సంగతి కెయ్లాకీ చెప్పలేదు, ఇమోజిన్‌కీ చెప్పలేదు. దేవుడికి మాత్రం చెప్పింది, ఆయన పట్టించుకుంటాడన్న నమ్మకం పెద్దగా లేకపోయినా.

సెప్టెంబరు పోయింది. అక్టోబరులో కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. బాట మీద ఎండుటాకులు, బాతుల పెంట, వాటి మధ్యన ఆర్విల్, అతనికి ఎడమ పక్కన లొరీన్. తిరగలేదు. ఒకసారి తిరిగినట్టే అయింది గానీ, తుమ్ము వచ్చి అలా అయింది.

ఆకులు సగానికి పైగా రాలాక ఒక శుక్రవారం పొద్దున్నే ఇమోజిన్ ఫోన్ చేసింది. "గది ఖాళీ అయిందట. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పమంటున్నారు. లేకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. మధ్యాహ్నం మళ్ళీ చేస్తాను, ఆలోచించుకో."

"ఆలోచించడానికి ఓపికుండాలిగా వదినా," అంది లొరీన్.

ఆ రోజు ఎండ బాగానే ఉంది. లొరీన్‌కి మాత్రం ఒళ్ళంతా ఇసుక నింపినట్టు బరువుగా ఉంది. ముందురాత్రి ఆర్విల్ మంచానికి కుడి అంచున ఆనుకుని పడుకుని, మిగతా మంచం లేదనుకుని, కింద పడ్డాడు. లేపి పడుకోబెట్టింది. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ లేపింది. ఇప్పుడు బాట మీద నడుస్తుంటే ఆ నిద్రంతా కళ్ళలో మండుతోంది. సణుగుడు మాత్రం దానంతటదే నడుస్తోంది.

"ఎవరో తోలుతున్నట్టు ఏమిటా నడక. కాస్త నెమ్మదిగా పో. నా మోకాలు నీది కాదు. చొక్కా ఒక పక్కే దోపుకున్నావు, రెండో పక్క జెండాలా వేలాడుతోంది, చూసినవాళ్ళు నన్నంటారు, నిన్ను కాదు. ఈ బాతుల్ని ఎవరైనా వండుకు తినరేం..."

"బాతు మాంసం జిడ్డు," అన్నాడు ఆర్విల్ ఎదురుగా చూస్తూ.

వెనకనుంచి గంట మోగింది. "ఎడమ పక్క!" అని కేక. సైకిలు వాళ్ళు దాటబోయేటప్పుడు అలా అరుస్తారు. మీ ఎడమ పక్కనుంచి వస్తున్నాం, మీరున్న చోటే ఉండండి అని దానర్థం. కొత్తవాళ్ళు అది విని సరిగ్గా ఎడమకే జరిగి చక్రం కింద పడబోతారు. లొరీన్‌కి ఇన్నాళ్ళకి బాగా అలవాటే. కానీ ఆ రోజు నిద్రలేని బుర్రకి ఆ మాట వేరేలా తగిలింది. ఎడమ పక్క అంటే నన్నేగా అనుకుని, ఎవరో తనని పేరు పెట్టి పిలిచినట్టు ఎడమకి జరిగింది. సైకిలు మోచేతిని రాసుకుంటూ పోయింది. లొరీన్ తూలి, మోకాలు మెలిక పడి, రోడ్డు పక్క కమ్మీ పట్టుకుని ఆగింది. "చూసుకోండమ్మా! చెప్పానుగా!" అంటూ సైకిలతను పోయాడు.

"ఎవడాడు, అలా అరుస్తాడు?" అన్నాడు ఆర్విల్. "ఇక్కడ నేను తప్ప మనిషన్నవాడు లేడు కదా." అని నడక ఆపకుండా పోయాడు.

లొరీన్ పక్కన కూర్చునే బల్ల ఒకటి ఉంది. దాని వీపు మీద ఇత్తడి రేకు. 'ఈ నదిని ప్రేమించిన ఎడ్సెల్ క్రిస్ప్ జ్ఞాపకార్థం.' వాండా మే మొగుడు. బతికుండగా ఎప్పుడూ బిలియర్డ్స్ బల్ల దగ్గరే ఉండేవాడు. నది వైపు వచ్చిందే లేదు. లొరీన్ రోజూ అక్కడికి రాగానే, "నదిని ప్రేమించాడట నది! వంతెన దాటాలంటేనే కళ్ళు తిరిగేవి ఆ మహానుభావుడికి," అని సణిగేది. ఆర్విల్ రోజూ నవ్వేవాడు. పోయేటప్పుడు బల్ల ఎడమ పక్కన ఉండటంతో అతను దాన్ని చూసేవాడు కాదు.

ఆ రోజు లొరీన్ ఏమీ అనలేదు. ఎడ్సెల్ క్రిస్ప్ బల్ల మీద కూర్చుంది.

కూర్చోవాలని అనుకుని కూర్చోలేదు. కాళ్ళే మడుచుకుపోయాయి. కూర్చున్నాక, లేవకూడదని మాత్రం అనుకుంది. ఆర్విల్ పోతూనే ఉన్నాడు. చొక్కా ఒక పక్క వేలాడుతోంది. పోనీ, అనుకుంది. వంతెన దాకా తిన్నని దారి, పడిపోయే చోటు లేదు. ఎవరో ఒకరు పలకరిస్తారు. రేపటినుంచి ఎలాగూ ఎవరో ఒకరే చూసుకోవాలి.

ఇమోజిన్‌కి చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధం చేసుకుంది. సరే వదినా, ఆ గది మనకే ఖాయం చెయ్యమను. అంతే, చాలా తేలికైన మాట. మనసులో ఒకసారి అని చూసుకుంది. మంచం మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. వరండాలో కూర్చోవచ్చు. ఆదివారాలు కొండ మీదికి వెళ్ళి, అతని ఎడమ పక్కన కాసేపు కూర్చుని రావచ్చు. వచ్చినట్టు అతనికి తెలియనే తెలియదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గేసింది, అయినా హాయిగానే ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నది చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆర్విల్ ఆగాడు.

బాట మధ్యలో, ఏ కారణమూ లేకుండా ఆగాడు. ఎదురుగా ఎవరూ లేరు. సైకిలు గంట లేదు. తల కొద్దిగా వంచి నిలబడ్డాడు. ఆ నిలబడటం లొరీన్‌కి తెలుసు. మిల్లులో ఏదైనా యంత్రం ఆగితే వరసల మధ్య అలాగే నిలబడేవాడు, చేతిలో స్పానర్ పట్టుకుని.

తల కదిలింది. ముందు కుడికి పోయింది, అలవాటుగా. నదిని చూసింది. వెనక్కి వచ్చింది. ముక్కుకి సూటిగా ఉన్న చోటికి వచ్చి, ఎప్పుడూ అక్కడే ఆగే తల, ఆగకుండా ఇంకా ఇటు వచ్చింది. నెమ్మదిగా, బిగుసుకున్న మరని తిప్పుతున్నట్టు వచ్చింది. భుజం దాకా వచ్చింది. గడ్డం గీసుకోని ఎడమ చెంప లొరీన్‌కి కనబడేదాకా వచ్చి, అతని ముఖం పూర్తిగా ఎడమకి తిరిగింది.

లొరీన్ ఉండాల్సిన చోటుకి.

అక్కడ ఎవరూ లేరు. తారు రోడ్డు, నాలుగు ఆకులు. ఆర్విల్ ఆ ఖాళీని చూస్తూ, "ఏమే, ఆగిపోయావేం?" అన్నాడు.

లొరీన్ నోరు తెరిచి మూసుకుంది. పిలవకూడదు. పిలిస్తే తల గిర్రున కుడికి పోతుంది. మళ్ళీ ఎన్నాళ్ళకో. ఏడుపు అప్పుడు వచ్చింది, అడగని చోట, అడగని వేళ. చలికాలంనుంచి ఆ ముఖం పక్కన వేలాడుతూ నడిచింది. తిరిగిన ఒక్క క్షణాన బల్ల మీద కూర్చుని ఉంది. దేవుడి మీద నిజంగా కోపం వచ్చింది.

లేచింది. మోకాలు కుయ్యోమంది. లొరీన్ పరిగెత్తి చాలా ఏళ్ళయింది. దాన్ని పరుగంటే ఎవరూ నమ్మరు. ఒక కాలు ఈడుస్తూ, చేతులు ఊపుతూ, నోరు గట్టిగా మూసుకుని, తిరిగిన ఆ తల తిరిగిపోకముందే ఆ ఖాళీలోకి చేరాలని పోయింది. ఎదురుగా వంతెన వైపునుంచి ఎర్ర కోటులో వాండా మే వస్తోంది. "ఆర్వి..." అని మొదలెట్టి, లొరీన్‌ని చూసి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది. ఇన్నేళ్ళ జన్మలో వాండా మే ఒక మాట మింగడం అదే మొదలు.

తల ఇంకా అలాగే ఉంది. కళ్ళు వెతుకుతున్నాయి. లొరీన్ వచ్చి ఆ చోట నిలబడింది. ఊపిరి అందటం లేదు. ఆర్విల్ ఆమెని చూశాడు. జుట్టునుంచి బూట్ల దాకా చూశాడు. ముఖమంతా వెలిగింది.

"నువ్వా! ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే," అంది లొరీన్.

"చెప్పొద్దూ? ఒక్కణ్ణే నడవలేక విసుగొచ్చి చస్తున్నాను."

ఆమె అతని చొక్కా ఎడమ కొస లాగులోకి దోపింది. దోపుతుంటే ఒళ్ళు మళ్ళీ బరువెక్కింది. సంతోషం లేకపోలేదు. దానితోపాటే ఇంకొకటి తెలిసింది. మంచం మధ్యలో పడుకోవడం పోయింది. వరండా పోయింది. ఇప్పుడే చవిచూసిన ఆ హాయి ఎడ్సెల్ క్రిస్ప్ బల్ల మీదే ఉండిపోయింది. రేపు మళ్ళీ ఇదే బాట, ఎల్లుండి మళ్ళీ ఇదే బాట.

జేబులో ఫోన్ మోగింది.

"ఏమనుకున్నావు?" అంది ఇమోజిన్.

"ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను వదినా."

"మతిపోయిందా నీకు? నీ మోకాళ్ళ సంగతేమిటి?"

"నావేగా. నేను చూసుకుంటాను. నీ తమ్ముడు తిరిగాడు వదినా."

"ఎటు తిరిగాడు?"

లొరీన్ జవాబు చెప్పబోయేసరికి ఆర్విల్ ముఖం మళ్ళీ ముందుకి పోయింది. "ఎవరే మాట్లాడేది?" అని నది వైపు చూసి, మళ్ళీ నడక మొదలెట్టాడు. లొరీన్ ఫోన్ జేబులో వేసుకుని ఎడమ పక్కకి చేరి, ఆగిన సణుగుడు ఎడ్సెల్ క్రిస్ప్‌నుంచి అందుకుంది. "నదిని ప్రేమించాడట నది!" ఆర్విల్ నవ్వాడు. ఎదురుగా వాండా మే ముక్కు చీదుకోవడం వినబడింది, అది తన మొగుణ్ణి అన్నందుకు కాదు.

ఆదివారం చర్చి హాల్లో ఆర్విల్ రొట్టె విరుచుకుంటూ ఎప్పటిలాగే మొదలెట్టాడు. ఈసారి కూడా వంతెన దాకా పోయొచ్చాడట. ఎవడి సాయమూ లేకుండానే పోయాడట.

"ఒక్కడివేనా బ్రదర్?" అన్నారు పాస్టర్ గారు.

"సగం దారి ఒక్కణ్ణే," అన్నాడు ఆర్విల్. "ఆ తర్వాత లొరీన్ కలిసింది."

లొరీన్ చిక్కుడు గింజల గిన్నె తెచ్చి, అతని కంచానికి ఎడమ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.